ఊడ్చిపెట్టిన ఆస్పత్రి

ఆయన ఎవరిని చూసినా ముందు కాళ్ళు చూసేవాడు. ఆ తర్వాతే మొహం. పావగడలో మా ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన కొత్తలో అది మాకందరికీ నవ్వులాటగా ఉండేది. "ఏమప్పా, నా చెప్పులు ఎత్తుకపోతావా ఏంది?" అని ఎవరో ఒకరు అనేవారు. ఆయన నవ్వేవాడు కాదు, నొచ్చుకునేవాడూ కాదు. వచ్చిన మనిషి చెప్పుల అంచులకు ఏమైనా అంటుకుందేమో చూసుకుని, ఏమీ లేదని ఖాయం చేసుకున్నాక తలెత్తి, "దండాలు సార్" అనేవాడు.

ఆ చూపు ఎందుకో మా ఆఫీసు మొత్తంలో తెలిసింది నాకొక్కడికే. తెలిసి నేను చేసిందేమీ లేదు. ఏమీ చేయకపోవడంలో నాకు ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉంది.

మొన్న పొద్దున బస్టాండు పక్కన, చెప్పులు కుట్టే ఆయన ముందు ఒంటికాలి మీద నిలబడి ఉండగా ఫోను మోగింది. ఆ కాళ్ళు చూసే మనిషి కూతురు.

"సార్, నాయన పాయ" అంది.

"ఎప్పుడమ్మా?" అన్నాను.

"తెల్లార్తో. సాయంత్రం మట్టి చేస్తాం. మీకు చెప్పల్లనిపించినాది."

ఫోను జేబులో పెట్టుకుని కిందికి చూశాను. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. ఆయన ఉంటే ముందు అదే చూసేవాడు.

నేను పశువైద్య శాఖ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైన మనిషిని. మధ్యలో ఒక ప్రమోషన్ వచ్చింది గానీ అది నాకు కాదు, నా కుర్చీకి. చేతుల్లేని కుర్చీ తీసేసి చేతులున్నది ఇచ్చారు. చేతిరాత బాగుంటుందని మాత్రం పేరుండేది. ఏ లిస్టు తయారు చేయాలన్నా రఫ్ కాపీ నా చేతే రాయించేవారు, కంప్యూటర్లు వచ్చాక కూడా. తలరాతలు రాసేవాడి అక్షరాలు ఎట్లా ఉంటాయో ఎవరూ చూడలేదు. నావి మటుకు గుండ్రంగా ముత్యాల్లా ఉంటాయి. ఆ ముత్యాల కిందే ఆయన ఆస్పత్రి పోయింది.

ఆస్పత్రి అంటే పశువుల ఆస్పత్రి. తిరుమణి దాటి ఇంకొంచెం లోపలికి పోతే, సోలార్ పార్కు అంచున ఉన్న ఊరది. రెండు గదులు, ముందొక వరండా, వరండాకు మూడు మెట్లు, పక్కన పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. పార్కు రాకముందు ఆ చట్రం దగ్గర ఎద్దులు వరస కట్టేవి. తర్వాత భూములు లీజుకు పోయాయి. దున్నేదానికి భూమి లేనప్పుడు ఎద్దులెందుకని జనం అమ్ముకున్నారు. ఎద్దులు లేని ఊరికి డాక్టరెందుకని ఉన్న డాక్టరుకు ఇంకో మూడు ఊళ్ళు అప్పగించారు. డాక్టరు మొదట వారానికోసారి వచ్చేవాడు, తర్వాత నెలకోసారి. ఆ తర్వాత ఆయన స్కూటరు చప్పుడు ఊరు మరిచిపోయింది. కట్టడంలో మిగిలింది జవాను ఒక్కడే. ఆ జవానే ఈయన.

అయితే ఎద్దులు పోయాయి గానీ గొర్రెలు పోలేదు. గొర్రెలకు జబ్బులూ పోలేదు. గిట్టల పుండ్లు, మూతి పుండ్లు, పొట్టలో నట్టలు. ముప్ఫై ఏళ్ళు డాక్టర్ల పక్కన నిలబడి గొర్రెల నోళ్ళు పట్టుకున్న మనిషికి, ఆ నోళ్ళలో ఏం పోయాలో తెలియకుండా ఉంటుందా? గడువు దగ్గరపడిన నట్టల మందు సీసాలు మా స్టోరులో మిగిలిపోతుండేవి. వాటిని అట్టపెట్టెలో సర్ది, పైన ఊరిపేరు రాసి, బస్సు డ్రైవరు చేతికిచ్చి నేనే పంపేవాణ్ణి. అది తప్పు. డాక్టరు రాయనిదే మందు గొర్రె నోట్లోకి పోకూడదని రూలు. గొర్రెకు రూలు తెలియదు కాబట్టి తాగి బతికేది.

మందులు చేరాయో లేదో చూసే నెపంతో నేను అప్పుడప్పుడూ ఆ ఊరు పోయేవాణ్ణి. నెపమే. ఆయన పని చేస్తుంటే చూడటం నాకిష్టం.

గొర్రెల వాళ్ళు దూరం నుంచే "డాక్టరప్పా!" అని కేకేసేవాళ్ళు.

"డాక్టరు కాదప్పా, డాక్టరు పక్కోన్ని" అనేవాడు ఆయన, చేతులు కడుక్కుంటూ.

"పక్కన యాడుండాడప్పా డాక్టరు?"

"ఆడ. కుర్చీలో."

కుర్చీ ఖాళీగా ఉండేది. డాక్టరు రావడం మానేసినా ఆయన ఒక్కరోజు కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు. పొద్దున్నే దాన్ని తుడిచి, టేబులుకు సరిగ్గా ఎదురుగా జరిపి పెట్టేవాడు. గొర్రెను వరండాలోకి తెచ్చాక గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి, "సార్, మందు పోద్దామా?" అని కుర్చీని అడిగేవాడు. ఒక్క క్షణం ఆగేవాడు. ఏ జవాబు వినిపించేదో గానీ, తలాడించి మందు గొట్టం అందుకునేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నేను కూడా ఏళ్ళ తరబడి కుర్చీలనే అడుగుతున్నాను. ఆయన కుర్చీ కనీసం తొందరగా ఒప్పుకునేది.

గొర్రెలతో ఆయన మాట్లాడే తీరు మనుషులతో కూడా ఉండేది కాదు. "రా తల్లీ, నోరు తెరువు. రవ్వంత చేదుంటాది, అంతే. నీకు చెప్పకుండా పోస్తానా?" అనేవాడు. మందు మింగాక దాని గొంతు మీద రెండు వేళ్ళతో పైనుంచి కిందికి నిమిరేవాడు. గొర్రె వెళ్ళిపోయాక కూడా ఆ రెండు వేళ్ళూ గాలిలో ఒకసారి నిమిరేవి.

ఇక ఊడవడం. గొర్రెలు వచ్చిపోయే చోటు ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వరండా నిండా పెంటికలు, నల్లపూసల దండ తెగి రాలినట్టు. ఆయన రోజుకు మూడుసార్లు పొరక పట్టేవాడు. కుర్చీ కాళ్ళ దగ్గర మొదలుపెట్టి మూడో మెట్టు దాకా వచ్చి, పొరక నిలువుగా పట్టుకుని వెనక్కి తిరిగి ఒకసారి చూసుకునేవాడు. ఊడ్చిందంతా గంపకెత్తి, ఇంకా రెండు మడకలు దున్నేంత చేను మిగిలినవాళ్ళు అడిగితే బుడ్డల చేనికి, అదే వేరుశనగకు, ఎరువుగా ఇచ్చేవాడు.

"ఎవరు చూస్తారప్పా ఇంతగా?" అని అడిగాను ఒకసారి.

"తనికీ ఎప్పుడొస్తాదో ఎవురికి తెలుసు సార్" అన్నాడు.

తనిఖీ వచ్చి అప్పటికి ఎన్నేళ్ళయిందో ఆయనకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. కానీ తనిఖీ అంటే ఏం చేయాలో ఇద్దరికీ బాగా గుర్తుంది. మా శాఖలో అదొక పద్ధతి. పై అధికారి వస్తున్నాడంటే గోడలకు సున్నం కొట్టాలి. కింద జానెడు ఎత్తున ఎర్రమన్ను పట్టీ తీయాలి. విరిగిన సామాన్లు మిద్దె మీదికి ఎక్కించాలి. జబ్బు పశువుల్ని ఆ రోజు రావద్దని చెప్పాలి, వచ్చినవాటిని పక్కింటి దొడ్లో కట్టేయించాలి. అధికారికి ఏమీ కనపడకూడదు. ఏమీ కనపడకపోతే అంతా బాగున్నట్టు. ఆయన సర్వీసంతా అట్లాగే నెగ్గాడు. నేనూ అంతే. మా వెనకా ముందూ వాళ్ళంతా అంతే.

అట్లాంటి మాకు ఆ చట్టం వచ్చిపడింది.

సర్కారు కట్టడాల నిర్వహణ, విక్రయాలకు సంబంధించిన చట్టమని దాని పేరు కాగితంలో ఒకటిన్నర వరస ఉండేది. పేరులో నిర్వహణ ముందుంది, విక్రయం వెనకుంది. పనిలోకి వచ్చేసరికి వెనకది ముందుకొచ్చింది. "నమ్మకంలో ముందక్షరం మారితే అమ్మకమే కదా" అన్నాను ఆఫీసులో. ఎవరూ నవ్వలేదు. నేను సరదాకన్న మాటలకు ఎవరూ నవ్వరు. సీరియస్‌గా రాసినవి చూసే నవ్వుతారు.

కాగితంలో ఉన్నది ఇంతే. ప్రతి శాఖా తన కట్టడాల లిస్టు ఇవ్వాలి. వాడుకలో ఉన్నవి శాఖ దగ్గరే ఉంటాయి. కూలిపోయేట్టున్నవాటి సంగతి తర్వాత. గట్టిగా ఉండి ఖాళీగా పడున్నవి వేలానికి. లిస్టులో చాలా కాలమ్‌లున్నాయి, పన్నెండోది 'ప్రస్తుత వినియోగం'. ఆ కాగితం నేను రెండుసార్లు చదివాను. చదవడం నా ఉద్యోగం. అర్థం చేసుకోవడం పై గ్రేడు వాళ్ళదని నా నమ్మకం.

జిల్లా నుంచి అధికారి వస్తున్నాడని తెలిసి ఆయనకు ఫోను చేశాను.

"బేస్తవారం వస్తారప్పా. కట్టడం చూస్తారు. నీట్‌గా పెట్టు."

"ఏమిటికి సార్ చూసేది?"

"ఉంచాల్నా, అమ్మాల్నా అని."

అవతల గొర్రె ఒకటి అరవడం వినిపించింది.

"ఆస్పత్రి అమ్మేదేంది సార్?" అన్నాడు చివరికి. "అమ్మితే వీటిని యాడికి తోలుకపోవల్ల? బస్సెక్కించి పావగడకు తెస్తారా ఈ జనం? నట్టలు పడితే నాలుగు దినాల్లో మంద మంద పడిపోతాది. వానలు పడినంక సూడాల్ల మీరు."

"నువ్వు బాగా పెట్టుకోప్పా ముందు."

"బాగుంటే ఉంచుతారు గదా సార్?"

"బాగుంటే ఉంచుతారులే" అన్నాను.

ఆ మాట చెప్పేటప్పుడు నేను టేబులు సొరుగులో స్టాప్లర్ పిన్నులు వెతుక్కుంటున్నాను. అందుకే చివర ఆ 'లే' వచ్చింది. మనసు పెట్టి మాట్లాడేవాడికి 'లే' రాదు.

తర్వాత అసలు సంగతి గుర్తొచ్చింది నాకు. "ఆ సీసాలు కనపడనీయొద్దు. పెట్టెల మీద నా రాత ఉండాది. గొర్రెల వాళ్ళను ఆ దినం రావద్దని చెప్పు."

"సరే సార్. ఒగ వెంట్రుక గూడా కనపడదు. మీరు దిగులు పడొద్దండి."

ఆయన నాకు ధైర్యం చెప్పాడు.

బేస్తవారం జీపు దిగేసరికి నేను ఆ కట్టడాన్ని పోల్చుకోలేకపోయాను. తెల్లటి సున్నం, కింద ఎర్రమన్ను పట్టీ, గీత గీసినట్టు. ఇనుప చట్రానికి నల్లరంగు. వరండా ఫినాయిలుతో కడిగినట్టున్నాడు, ఏళ్ళుగా గోడల్లో ఇంకిన గొర్రె వాసన కూడా లేదు. ఆయన ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని మెట్ల పక్కన నిలబడి ఉన్నాడు. కొత్త పెళ్ళికొడుకు ఇంట్లో పెళ్ళిపెద్ద నిలబడ్డట్టు ఉంది ఆ నిలబడటం.

అధికారి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇన్నేళ్ళు ఈ బరువు ఉండేది కాదు, సగం ఆయన మీద దించేసేవాణ్ణి. గోడ మీద చెయ్యి వేసి చూశాడు. పైకప్పు చూశాడు. "ఎంత బాగా పెట్టుకున్నావయ్యా!" అన్నాడు కన్నడంలో. ఈయన మొహం వెలిగింది. నా మొహం చూశాడు, చూశారా సార్ అన్నట్టు.

అప్పుడు కనిపించింది నాకు. రోడ్డవతల కరెంటు స్తంభం పక్కన ఒక ముసలామె, కొంగులో చుట్టిన గొర్రెపిల్లతో. ఆమెకు కబురు అందలేదో, అందినా పిల్ల ఆగలేకపోయిందో. ఈయన కూడా చూశాడు. వెనక్కి పెట్టుకున్న చేత్తో పొమ్మని సైగ చేశాడు. ఆమె కదల్లేదు. గొర్రెపిల్ల సన్నగా అరిచింది. అధికారి తల తిప్పబోయాడు. ఈయన గట్టిగా దగ్గాడు. మళ్ళీ అరిచింది, మళ్ళీ దగ్గాడు. మూడోసారికి ఆ ముసలామె ఏమనుకుందో, పిల్ల మూతి కొంగులో కప్పుకుని సందులోకి వెళ్ళిపోయింది.

"ఇక్కడికి ఎవరైనా వస్తుంటారా?" అని అడిగాడు అధికారి.

"యారూ బరల్ల స్వామీ" అన్నాడు ఆయన. ఎవరూ రారని. చేతులు కట్టుకుని, గర్వంగా. ఆయన చెప్పింది ఆ కట్టడం ఎంత శుభ్రంగా ఉంటుందో. అధికారి విన్నది వేరు.

ఆ అధికారి తొందరపడలేదు. నా వైపు తిరిగి, "అంతేనా? పశువులేమీ రావా?" అని నన్నూ అడిగాడు.

సీసాల పెట్టెలు మిద్దె మీద ఉన్నాయని నాకు తెలుసు. వాటి మీద నా ముత్యాలున్నాయనీ తెలుసు.

"అంతే సార్" అన్నాను.

మెట్లు దిగుతూ అధికారి మూడో మెట్టు మీద ఆగాడు. బూటు కింద ఏదో మెత్తగా తగిలినట్టుంది. కాలెత్తి చూసుకుని, మెట్టు అంచుకు బూటు రాసి, ఏమీ అనకుండా జీపెక్కాడు. ఒక పెంటిక. ఒక్కటంటే ఒక్కటి. ఈయన దాని వైపు చూసిన చూపు నేను జీపులోంచి చూశాను.

జీపులో కూర్చుని పెన్సిలుతో రాశాను: కట్టడం గట్టిగా ఉంది, శుభ్రంగా ఉంది. పన్నెండో కాలమ్‌లో: వినియోగంలో లేదు.

ఆ మధ్యాహ్నమే ఇంకో ఊరి ఆస్పత్రి చూశాం. అక్కడి జవాను తనిఖీ సంగతే మరిచిపోయాడు. పైకప్పు పెచ్చులు ఊడి ఉంది. వరండాలో ఎవరిదో బర్రె కట్టేసి ఉంది. డాక్టరు గదిలో బుడ్డల కట్టె వామి వేసినట్టు వేశారు. పేడ తొక్కకుండా లోపలికి పోవడానికి దారి లేదు. అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "సరే, పశువులైతే వస్తున్నాయి. వాడుకలో ఉందని రాయండి" అన్నాడు.

రాశాను. రాస్తుంటే అర్థమైంది, పొద్దున ఆయన ఊడ్చి పారేసింది దీన్నేనని.

పొద్దున రాసిన పేజీ నా బ్యాగులోనే ఉంది. పెన్సిలుతో రాసిందే. రబ్బరు కూడా ఉంది, బ్యాగు పక్క జేబులో. పావగడ చేరేదాకా గంట పైన ప్రయాణం. దారి పొడుగునా సోలార్ పలకలు, ఎండ వాటిలో పడి లేచి మన కళ్ళలో పడుతుంది. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎండకని అనుకున్నాడు అధికారి. మర్నాడు పెన్నుతో ఫేర్ కాపీ రాశాను. ఆ పేజీలో ఒక్క కొట్టివేత కూడా లేదు.

ఆస్పత్రి వేలానికి పోయింది. బెంగళూరు మనిషెవరో కొన్నాడు. పార్కుకు వచ్చిపోయేవాళ్ళకు లాడ్జి కడతాడని అన్నారు. ఆయన్ను మా ఆఫీసుకు వేశారు. రోజూ మొదటి బస్సుకు వచ్చేవాడు. ఆఫీసు ముందు బెంచీ మీద, పావగడ కొండకు ఎదురుగా కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు చూసేవాడు. నీళ్ళ క్యాన్లు మోసేవాడు, ఫైళ్ళు మోసేవాడు. ఊడవమంటే మాత్రం మా ఆఫీసు రెండుసార్లు ఊడ్చేవాడు. ఒకసారి మామూలుగా, ఇంకోసారి వంగి, మూలమూలలా వెతుక్కుంటూ.

కొన్ని నెలలు ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం టీ అంగడి దగ్గర తనే అన్నాడు.

"ఒగ పెంటిక సార్."

"ఏందప్పా?"

"మూడో మెట్టు మీద. నేను నాలుగు గంటలకే లేసి మూడుసార్లు ఊడ్చినా. మల్లా యాడనుంచి వచ్చినాదో. ఆ సార్ బూటుకు అంటుకున్నాది. మీరు చూసుండరు."

చూశాను.

"లోపలంతా ఎంత బాగుండె! ఆయప్పే అన్నాడు గదా బాగా పెట్టుకున్నావని. కడాకు దిగేటప్పుడు అది తొక్కినాడు. మనసు ఇరిగిపోయింటాది. ఈళ్ళకు ఆస్పత్రి ఇచ్చి ఏం లాభం, పెంటికలు గూడా తియ్యరు అనుకోనింటాడు. మీరు బాగుంటే ఉంచుతారని ముందే చెప్పినారు. నాదే తప్పు సార్."

నాకు నోరు లేక కాదు. ఉన్న నోట్లో టీ ఉండింది. అది మింగేసరికి ఆయన గ్లాసు కడిగి పెట్టి, నా గ్లాసు కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.

ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. వానాకాలం ఎవరైనా ఆ ఊరినుంచి వచ్చి, ఫలానావాళ్ళ మంద నట్టలతో పోయిందని చెబితే, ఆయన కాసేపు వినేవాడు. కుడిచేతి రెండు వేళ్ళూ గాలిలో నిమిరేవి. "రవ్వంత సూసుకోనుంటే సరిపోయుండు" అని లేచి వెళ్ళిపోయేవాడు. నిజం చెబితే ఏమవుతుందని నేను చాలాసార్లు లెక్కవేసుకున్నాను. ఊడవకుండా వదిలేసి ఉంటే ఆస్పత్రి నిలిచేదని చెప్పాలి. ఆ ముసలామెను గొర్రెపిల్లతో మెట్లెక్కనిచ్చి ఉంటే చాలని చెప్పాలి. పైగా, ఊడవమన్నది నేను, రావద్దని చెప్పమన్నది నేను, అడిగినప్పుడు అంతేనన్నది నేను. ఆయన బతుకంతా నమ్ముకున్న పొరకను ఆయన చేతిలోంచి లాక్కోవడానికి మనసొప్పలేదని అప్పుడు నాకు నేను చెప్పుకునేవాణ్ణి. చేతిరాతే కాదు, సాకులు కూడా నావి గుండ్రంగా ఉంటాయి.

ఆయన రిటైరైన రోజు ఆఫీసులో శాలువా కప్పారు. అంతా అయ్యాక బస్టాండు దాకా నేను తోడు పోయాను. ఆ రోజు చెప్పేద్దామనే పోయాను.

"ఆ పెంటిక వల్ల కాదప్పా ఆస్పత్రి పోయింది" అన్నాను.

ఆయన ఆగాడు. నా కాళ్ళు చూశాడు, తర్వాత మొహం చూశాడు. 

"మీరు మంచోళ్ళు సార్" అన్నాడు. "పోయేటప్పుడు నా మనసు నొవ్వకూడదని చెప్తాండారు."

"కాదప్పా, నిజంగానే..."

"ఇడవండి సార్. నాకు తెల్దా."

బస్సు వచ్చింది. చెప్పాల్సినదాంట్లో సగం చెప్పాను. ఆ సగం ఆయనకు దయగా వినిపించింది. మిగతా సగం నా దగ్గరే ఉండిపోయింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను, బాగా ఊపాను.

మొన్న చెప్పు కుట్టించుకుని మధ్యాహ్నం బస్సుకు ఆ ఊరు పోయాను. వాకిట్లో పడుకోబెట్టారు. ఆయన అల్లుడు పార్కులో పలకలు కడిగే పని మధ్యలో వదిలి వచ్చినట్టున్నాడు, చొక్కా మీద ఇంకా కంపెనీ గుర్తింపు కార్డు వేలాడుతోంది. కూతురు నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"కడా నాలుగు దినాలు తెలివి లేదు సార్. మంచం మీదే చెయ్యి ఇట్ల ఇట్ల అంటాండె, ఊడుస్తాండట్ల. 'నాయనా, ఏం చేస్తాండావు' అంటే 'మెట్టు' అనె. అంతే. ఏ మెట్టో ఏమో."

"ఆస్పత్రి మెట్టమ్మా" అన్నాను.

"ఆస్పత్రిలో ఏమైనాది సార్? నాయన ఎప్పుడూ మాకు చెప్పలేదు."

ఆ అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఈసారి నా నోట్లో టీ లేదు.

"మీ నాయన తప్పేమీ లేదమ్మా. నేను తప్పు రాసినాను" అన్నాను. "ఆస్పత్రికి గొర్రెలు వస్తాండె. రావని రాసినాను."

ఆమెకు అర్థమైందో లేదో తెలియదు.  "నాయనకు చెప్పినారా సార్?" అంది.

లేదన్నాను. ఆమె లేచి వెళ్ళి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుంది.

మట్టి చేసి వచ్చాక బస్సుకు ఇంకా టైముంది. నా కాళ్ళు ఆస్పత్రి వైపు పోయాయి. లాడ్జి రాలేదు. కొన్నాయన చుట్టూ గోడ కట్టించి, గేటుకు తాళం వేసి, మళ్ళీ ఇటు వచ్చినట్టు లేదు. తాళం తుప్పు పట్టింది. గోడ ఒక పక్క కూలి, మనిషి దూరేంత సందు ఉంది. మనిషి కాదు, గొర్రెలు దూరేంత.

లోపల ఉన్నాయి. మధ్యాహ్నం ఎండకు తాళలేక వచ్చినవి, పొద్దు వాలినా ఇంకా పోలేదు. వరండా నిండా పడుకుని, కొన్ని ఇనుప చట్రం పక్కన నిలబడి, నన్ను చూసి కదలను కూడా లేదు. ఒకటి మాత్రం లేచి వచ్చి, నా ముందు నిలబడి, నోరు కొంచెం తెరిచింది. ఎందుకో నాకు తెలుసు. నా చేతిలో ఏమీ లేదు. గోడల సున్నం పోయింది, ఎర్రమన్ను పట్టీ పోయింది. గుమ్మం దగ్గర మొదలుకుని మూడో మెట్టు దాకా పెంటికలు, కాలు పెట్టడానికి చోటు లేకుండా.

ఇప్పుడెవరైనా లిస్టు పట్టుకుని వస్తే, పన్నెండో కాలమ్‌లో ఏం రాయాలో నాకు తెలుసు.